వేడి మీద మొరాయించే కారు: పెట్రోలు తక్కువా, ఎక్కువా?

(విజయనగరంలో పాత కార్ల యజమానులు, షెడ్డు మేస్త్రీలు, పాలిటెక్నిక్ విద్యార్థులు కలుసుకొన్న ఒక ఆదివారం నాటి ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

పెద్దలకు, మేస్త్రీలకు, విద్యార్థులకు నమస్కారం.

విషయంలోకి వెళ్లే ముందు ఒక మాట. ఈ హాలు బయట, ఎండలో, 1489 సి.సి. పెట్రోలు ఇంజనున్న అంబాసిడర్ కారు ఒకటి నిలిపి ఉన్నది. అది గజపతినగరం నుంచి ఎక్కడా ఆగకుండా ఇక్కడికి వచ్చింది. నేను ఈ మైకు ముందుకు వచ్చే సమయానికే దాని ఇంజను ఆపారు. బోనెట్ తెరవవద్దని, ఎవరూ తాళం తిప్పవద్దని నేనే కోరాను. ఎందుకు కోరానో చివరికి మీరే చూస్తారు.

కారు చల్లగా ఉన్నప్పుడు స్టార్టు కాకపోతే ఏం చేయాలో అందరికీ తెలుసు. దానికి చోక్, అంటే గాలి దారిని మూసే మీట, ఉన్నది. ఈ రోజు మనం మాట్లాడుకొనేది వేడిగా ఉన్నప్పుడు స్టార్టు కాకపోవడం గురించి. పాత కారు ఉన్న ప్రతి ఇంటికీ ఇది అనుభవమే. పొద్దున్న ఒక్క సెల్ఫుకే ఇంజను అందుకొంటుంది, శ్రీకాకుళం దాకా వెళ్లి తిరిగి వస్తుంది, ఎక్కడా దగ్గదు. గంట స్తంభం దగ్గర కూరగాయల కోసం పదిహేను నిమిషాలు ఆపి, సంచి వెనక సీట్లో పెట్టి తాళం తిప్పితే మాత్రం ఇంజను గిరగిర తిరుగుతూనే ఉంటుంది కాని అందుకోదు. గంట పోయాక, ఎవరూ చేయి పెట్టకుండానే, అదే కారు బుద్ధిగా స్టార్టవుతుంది. ఇంకొక సంగతి గమనించారా? ఆపిన వెంటనే, ఒక నిమిషంలోపు తాళం తిప్పినా అది అందుకొంటుంది. వెంటనే అయితే ఇబ్బంది లేదు, చాలాసేపటి తరువాత అయితే ఇబ్బంది లేదు. నడుమనున్న ఆ పది నిమిషాల నుంచి అరగంట దాకానే మొరాయింపు. ఎందుకు?

ఈ ఎందుకు అన్న ప్రశ్న వేసుకోకుండానే మనం చేతులు పెడతాం. తడిగుడ్డ కప్పుతాం, యాక్సిలరేటర్ టపటపా తొక్కుతాం, చోక్ లాగుతాం, తోయించుకొంటాం. వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క సందర్భంలో పనిచేస్తుంది, ఇంకొక సందర్భంలో జబ్బును ముదరబెడుతుంది. ఈ రోజు నేను చెప్పదలచుకొన్నది ఇదే: వేడి మీద స్టార్టు కాకపోవడం ఒక జబ్బు కాదు, ఒకే లక్షణంతో కనిపించే రెండు జబ్బులు. ఒకదానిలో ఇంజనుకు పెట్రోలు అందడం లేదు. రెండవదానిలో పెట్రోలు మితిమీరి అందుతున్నది. ఒకదానికి మందు అయినది రెండవదానికి విషం.

ముందుగా వేడి సంగతి చూద్దాం. ఇంజను నడుస్తున్నంతసేపు దానిని చల్లబరిచేవి చాలా ఉంటాయి. రేడియేటర్ నీళ్లు తిరుగుతూ ఉంటాయి, ఫ్యాను గాలి కొడుతూ ఉంటుంది, కారు కదలికకు ఎదురుగాలి వస్తుంది. వీటన్నిటికీ తోడు, టాంకు నుంచి వచ్చే పెట్రోలు, దానిని గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్ గుండా ప్రవహిస్తూ, అక్కడ ఆవిరవుతూ, ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని తాగుతుంది. చెమట ఆరితే ఒళ్లు చల్లబడటం లేదా? అదే సూత్రం. అందుకే నడుస్తున్న ఇంజను మీద కార్బురేటర్ ఒళ్లు అన్నిటికంటే చల్లగా ఉంటుంది.

తాళం తిప్పి ఇంజను ఆపిన క్షణాన ఈ చల్లదనాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. వేడి మాత్రం ఆగదు. వందల డిగ్రీల వేడి మీదున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డు, ఎనభై, తొంభై డిగ్రీల వేడి మీదున్న ఇంజను బ్లాకు తమ వేడిని పైకి, పక్కకు వదులుతూనే ఉంటాయి. పొయ్యిలో మంట ఆరిపోయినా నిప్పుల మీద పెట్టిన గిన్నె కాగుతూనే ఉంటుందే, అలాగ. బోనెట్ కింద వేడి ఇంజను నడుస్తున్నప్పటి కంటే ఆపిన పది, ఇరవై నిమిషాలకు ఎక్కువవుతుంది. ఆ తరువాతనే నెమ్మదిగా దిగుతుంది. ఇందాక అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. ఒక్క నిమిషంలో వేడి కార్బురేటర్‌కు చేరదు, గంటలో చేరిన వేడి పోతుంది, నడిమి కాలంలోనే శిఖరం మీద ఉంటుంది.

పైగా బయట నిలిపిన ఆ అంబాసిడర్‌లో వేడి నేరుగా కార్బురేటర్‌కు తగిలే ఏర్పాటు ఒకటి ఉన్నది. ఆ ఇంజనులో గాలి, పెట్రోలు లోపలికి పోయే ఇన్లెట్ మానిఫోల్డు, పొగ బయటికి వచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డు రెండూ ఒకే వైపున ఉంటాయి. ఇన్లెట్ మీద కార్బురేటర్, దాని దాపునే ఎగ్జాస్ట్. చలి ఉదయాల్లో పెట్రోలు బాగా ఆవిరి కావడానికి ఆ వేడి అవసరమే, అందుకే అలా చేశారు. మన మే నెల మధ్యాహ్నానికి మాత్రం అదే భారం.

ఇప్పుడు పెట్రోలు దగ్గరకు వద్దాం. విద్యార్థులను ఒక ప్రశ్న అడుగుతాను. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పెట్రోలు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుంది? ఒక్క సంఖ్య చెప్పలేం. పెట్రోలు ఒక్క పదార్థం కాదు, వందలాది పదార్థాల కలబోత. అందులోని తేలిక పాళ్లు 35, 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి, బరువు పాళ్లు 200 డిగ్రీలు దాటేదాకా ఉంటాయి. 35, 40 డిగ్రీలు అంటే ఏమిటి? మన ఊళ్లో మే నెలలో నీడలో ఉండే వేడి. కార్బురేటర్‌లో నిలిచిన పెట్రోలు ఇంజను ఆపిన తరువాత అరవై, డెబ్బై డిగ్రీల దాకా పోగలదు. అప్పుడు ఆ గిన్నెలో జరిగేది మరగడమే.

తేలిక పాళ్లు తీసేస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. తీసేస్తే పొద్దున్న చలిలో కారు స్టార్టు కాదు. చల్లని ఇంజనులో నిప్పు రవ్వకు అందేది ఆ తేలిక పాళ్ల ఆవిరే. పొద్దున్న మేలు చేసేదీ, మధ్యాహ్నం ఇబ్బంది పెట్టేదీ అవే. అందుకే చమురు శుద్ధి చేసేవారు ఒక హద్దు పాటిస్తారు. 37.8 డిగ్రీల దగ్గర పెట్రోలు ఆవిరి ఎంత ఒత్తిడి చూపుతుందో కొలుస్తారు. ఎథనాల్ కలపని పెట్రోలుకు మన దేశంలో పెట్టుకొన్న పైహద్దు 60 కిలోపాస్కల్‌లు. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి సముద్ర మట్టం దగ్గర సుమారు 101. ఈ కొలత కాక, ఆవిరి అడ్డుపడే గుణానికి వేరే సూచిక ఒకటి ఉన్నది, దానికి ఎండాకాలంలో హద్దు మిగతా నెలల కంటే తక్కువ. అంటే మనం ఈ రోజు మాట్లాడుకొంటున్న ఇబ్బంది పెట్రోలు తయారు చేసేవారి లెక్కల్లోనూ ఉన్నదే.

సరే, మొదటి జబ్బు. పెట్రోలు అందకపోవడం.

పెట్రోలు టాంకు కారు వెనకాల ఉంటుంది, ఇంజను ముందు ఉంటుంది. మన పాత కార్లలో ఎక్కువవాటికి ఇంజను పక్కన బిగించిన పంపు ఒకటి ఉంటుంది. మన షెడ్లలో దీనిని ఏసీ పంపు అంటారు. చల్లగాలి ఏసీతో దీనికి ఏ సంబంధమూ లేదని కుర్రవాళ్లు గుర్తుంచుకోవాలి. ఇంజను తిప్పే క్యామ్‌షాఫ్ట్ అనే ఇరుసు తిరిగినప్పుడల్లా ఒక లీవరు ఊగుతుంది, ఆ లీవరు ఒక రబ్బరు పొరను కిందికి లాగుతుంది. పొర కిందికి పోతే వెనక టాంకు నుంచి పెట్రోలు వస్తుంది. స్ప్రింగు ఆ పొరను పైకి తోస్తే పెట్రోలు కార్బురేటర్‌కు పోతుంది. తోసే ఒత్తిడి కూడా ఎంతో కాదు, చదరపు అంగుళానికి మూడు, నాలుగు పౌండ్లు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పంపు వెనక నుంచి పెట్రోలును పీలుస్తుంది. పీలిస్తే గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే ఏ ద్రవమైనా తక్కువ వేడికే మరుగుతుంది. అంటే టాంకు నుంచి పంపుకు వచ్చే గొట్టంలో, పంపు లోపల, పెట్రోలు మరగడానికి అన్ని విధాలా అనుకూలం: చుట్టూ వేడి, లోపల పీలుపు. మరిగిన పెట్రోలు సుమారు రెండు వందల రెట్లు ఉబ్బుతుంది. ఒక చుక్క చాలు, గొట్టం నిండుతుంది. ఇప్పుడు పొర ఊగుతూనే ఉంటుంది, కాని లాగేది ఆవిరి, నొక్కేది ఆవిరి. ఆవిరి మెత్తగా నలిగి మళ్లీ ఉబ్బుతుంది తప్ప ముందుకు కదలదు. మన పల్లెల్లో చేతి బోరింగులు ఉన్న కాలం గుర్తున్నవారికి ఇది చెప్పనక్కరలేదు. వాషర్ ఆరిపోయి గాలి పట్టిన బోరింగును ఎంత కొట్టినా చప్పుడు తప్ప నీరు రాదు. పైన చెంబుడు నీళ్లు పోస్తే గాని పట్టు దొరకదు. మేస్త్రీలు దీనిని ఎయిర్ లాక్ అంటారు. అందులో ఉన్నది గాలి కాదు, పెట్రోలు ఆవిరి. అయినా పేరు ఏదైతేనేం, జరిగేది అదే.

ఈ జబ్బు ఘాటు రోడ్ల మీద ఎక్కువ. ఎస్.కోట దాటి అనంతగిరి ఎక్కుతున్నప్పుడు చూడండి. సెకండు గేరులో ఇంజను బరువుగా లాగుతుంది, ఎదురుగాలి ఉండదు. వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరేసరికి గాలి ఒత్తిడి నూటికి పది పాళ్లకు పైగా తగ్గిపోతుంది. పెట్రోలు మరింత తక్కువ వేడికే మరుగుతుంది. పైన బొర్రా దగ్గర టీ తాగి వచ్చి తాళం తిప్పితే, కార్బురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలుతో ఇంజను స్టార్టయి, కొద్దిసేపు నడిచి, దగ్గి ఆగిపోతుంది. ఈ ఆనవాలు మరచిపోకండి: స్టార్టయి, కాస్త నడిచి, ఆగిపోవడం.

ఇప్పుడు రెండవ జబ్బు. నా అనుభవంలో ఆపిన కారు స్టార్టు కాకపోవడానికి పదింటిలో ఎక్కువసార్లు కారణం ఇదే, మనం మాత్రం మొదటిదాన్నే అనుమానిస్తాం.

కార్బురేటర్ పక్కన ఒక చిన్న గిన్నె ఉంటుంది, ఫ్లోట్ చాంబర్. అందులో పెట్రోలు ఒక మట్టానికి రాగానే తేలే బుడ్డ పైకి లేచి, నీడిల్ వాల్వును నొక్కి, వచ్చే దారి మూస్తుంది. ఆ గిన్నె నుంచి సన్నని దారి ఒకటి కార్బురేటర్‌లో గాలి పోయే గొంతు మధ్యకు వస్తుంది. గిన్నెలోని మట్టం ఆ దారి మూతికి కొద్ది మిల్లీమీటర్లే కింద ఉంటుంది. ఆ కొద్ది మిల్లీమీటర్లు చాలా ముఖ్యం. ఇంజను గాలి పీల్చినప్పుడు పెట్రోలు ఆ కాస్త ఎత్తు ఎక్కి గొంతులో పడుతుంది. పీలుపు లేకపోతే పడదు. పడకూడదు.

ఇంజను ఆపి పదిహేను నిమిషాలైంది, గిన్నె కాగింది, పెట్రోలు మరుగుతున్నది. అప్పుడు ఏమవుతుంది? అన్నం ఉడుకుతున్నప్పుడు గిన్నెకు బిగువుగా మూత పెడితే గంజి ఏం చేస్తుందో మీ అమ్మగారిని అడగండి. నురుగు పైకి లేచి, మూతను ఎత్తి, పొయ్యి మీద పొంగుతుంది. అలాగే ఆ సన్నని దారి అడుగున పుట్టిన బుడగలు పైకి వస్తూ, తమ మీదున్న పెట్రోలును మూతి దాకా తోసి గొంతులోకి పొర్లిస్తాయి. ఇంజను తిరగడం లేదు, ఎవరూ పీల్చడం లేదు, అయినా పెట్రోలు బొట్టు బొట్టుగా మానిఫోల్డులో పడుతూనే ఉంటుంది. అక్కడి వేడికి ఆవిరై మానిఫోల్డంతా నిండిపోతుంది.

దీనికి తోడు ఇంకొకటి ఉన్నది. ఏసీ పంపుకు, నీడిల్ వాల్వుకు మధ్య గొట్టంలో చిక్కిన పెట్రోలు వెనక్కు పోలేదు, పంపు వాల్వు పోనివ్వదు. వేడికి అది వ్యాకోచిస్తుంది. ఒత్తిడి పెరిగి పెరిగి నీడిల్‌ను దాని పీటం మీద నుంచి లేపుతుంది. నిండిన గిన్నెలోకి ఇంకా పెట్రోలు వస్తుంది. మట్టం మూతిని దాటుతుంది. నీడిల్ అరిగి ఉంటే చెప్పనే అక్కరలేదు.

ఇప్పుడు యజమాని వచ్చి తాళం తిప్పాడు. తూకంలో పెట్రోలు ఒక పాలుకు గాలి సుమారు పదిహేను పాళ్లు ఉంటే చక్కగా మండుతుంది. ఏడు పాళ్ల కంటే తగ్గితే రవ్వ ఎంత మంచిదైనా అంటుకోవడం కష్టం. మానిఫోల్డులో గాలి చోటును పెట్రోలు ఆవిరి ఆక్రమించింది. ఇంజను అందుకోదు. యజమాని ఏం చేస్తాడు? యాక్సిలరేటర్ తొక్కుతాడు. ఒకసారి తొక్కితే యాక్సిలరేటర్ పంపు ఒక ధార పెట్రోలు చిమ్ముతుంది. పదిసార్లు తొక్కితే పది ధారలు. అంతటితో ఆగక చోక్ లాగుతాడు, అంటే ఉన్న కాస్త గాలి దారి కూడా మూసేస్తాడు. మునుగుతున్నవాడి మీద బిందెడు నీళ్లు కుమ్మరించడమే ఇది.

నేను ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. పని నేర్చుకొంటున్న రోజుల్లో ఒక పెద్దాయన కారుకు కార్బురేటర్ విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించాను. ఆ కారులో పెళ్లివారు సాలూరు మీదుగా సుంకి ఘాటు ఎక్కి కొరాపుట్ వైపు వెళ్లాలి. సాలూరు అప్పట్లో మన జిల్లాలోనే ఉండేది, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. నన్ను కూడా తోడు పంపారు. ఘాటు మధ్యలో భోజనాలకు ఆగాం. తరువాత కారు స్టార్టు కాలేదు. ఘాటు కదా, ఎయిర్ లాకే అని నేను నిశ్చయించుకొన్నాను. తడిగుడ్డలు కప్పాను, తొక్కించాను, చోక్ లాగించాను, సెల్ఫు కొట్టించాను. బ్యాటరీ పడిపోయింది. బోనెట్ ఎత్తగానే పెట్రోలు వాసన గుప్పున కొట్టింది, ఆ వాసన నాకు ఏదో చెబుతున్నదని తోచనే లేదు. సాలూరు నుంచి వస్తున్న లారీ డ్రైవరు ఒకాయన ఆగి, కిందికి దిగి, వాసన చూసి, చోక్ లోపలికి నొక్కి, యాక్సిలరేటర్ పూర్తిగా అదిమి పట్టించి, కారును వాలులో దొర్లించాడు. ఒక నల్లని పొగ మేఘం, ఇంజను అందుకొన్నది. మరునాడు షెడ్డుకు వచ్చి చూస్తే, బల్ల మీద నూనె గుడ్డ కింద ఒక మందపాటి బేక్‌లైట్ ప్యాకింగు పడి ఉన్నది. కార్బురేటర్ కింద ఉండవలసినది. విరిగిన అంచు చూసి, దాని బదులు పలుచని కాగితం ప్యాకింగు వేసి నేనే బిగించాను. పెళ్లికూతురు తండ్రి రెండు గంటలు రోడ్డు మీద నిలబడ్డాడు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే ఇక్కడున్న మేస్త్రీలకు నా మనవి ఒకటి. కారును తయారు చేసినవారు ఈ వేడిని ఊహించకుండా వదిలిపెట్టలేదు. చిన్న చిన్న వస్తువులు పెట్టారు. వాటిని పీకి పారేస్తున్నది మనం. కార్బురేటర్ కింద ఆ మందపాటి ప్యాకింగు ఎందుకు? మానిఫోల్డు వేడి లోహం గుండా పాకి పైకి రాకుండా. పంపుకు, ఇంజనుకు మధ్య ఉన్న మందపాటి ప్యాకింగు కూడా అందుకే. ఎగ్జాస్టుకు, కార్బురేటర్‌కు మధ్య ఉండే రేకు ఎందుకు? నేరుగా తగిలే సెగను అడ్డుకోవడానికి. ఆ రేకు గలగలమంటున్నదని, స్పానరు పట్టడానికి అడ్డమని తీసేసిన కార్లు ఎన్ని ఉన్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. గిన్నె పైభాగాన ఆవిరి బయటికి పోయే దారి ఉంటుంది. అన్నం గిన్నె మూత ఓరగా పెట్టడం వంటిది అది. దుమ్ము పట్టి మూసుకొన్నా, ఎయిర్ ఫిల్టరు తప్పుగా బిగించి మూసినా, ఆవిరి పెట్రోలును నొక్కి గొంతులోకి తోస్తుంది. కొన్ని కార్బురేటర్లలో యాక్సిలరేటర్ వదలగానే తెరుచుకొనే వాల్వు ఇందుకోసమే పెట్టారు. ఇంకొన్నింటిలో పెట్రోలు పైకి వచ్చే ఆ సన్నని దారి పక్కన బుడగలు పెట్రోలును ఎత్తకుండా తప్పుకొని పోవడానికి చిన్న రంధ్రాలు తొలిచారు. కార్బురేటర్ కడిగేటప్పుడు వాటిలో తీగ పెట్టి పొడవకండి, పెద్దవైతే ఇంకొక రోగం వస్తుంది.

వీటన్నిటిలో నాకు అందంగా తోచేది రిటర్న్ లైను. పంపు తెచ్చిన పెట్రోలులో కొంత కార్బురేటర్ గుమ్మం దాకా వచ్చి, సన్నని రంధ్రం గుండా తిరిగి టాంకుకు పోతుంది. ఒక్క గొట్టంతో మూడు పనులు. పెట్రోలు వేడి చోట నిలవకుండా పారుతూ ఉంటుంది కనుక కాగదు. ఆవిరి బుడగ పుట్టినా వెనక్కు పోవడానికి దారి ఉన్నది. ఇంజను ఆపిన తరువాత గొట్టంలో ఒత్తిడి పేరుకొని నీడిల్‌ను లేపదు. రెండు జబ్బులకూ ఒకే మందు. అసలు ఈ ఏర్పాటు ఉన్న కార్లలో కూడా కొందరు ఆ గొట్టం కారుతున్నదని బోల్టు కొట్టి మూసేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. కొత్త గొట్టం ఖరీదు ఎంత?

ఇక చేతి వైద్యం. కారు ఆగింది, మీరు రోడ్డు మీద ఉన్నారు. ఏది ఏ జబ్బో ఎలా తెలుసుకోవాలి? ముందు ఇగ్నిషను ఆపండి. పక్కన ఎవరైనా బీడీ వెలిగించి ఉంటే దూరం పంపండి, ఈ విషయంలో మొహమాటం వద్దు. బోనెట్ ఎత్తగానే ముక్కుకు పని చెప్పండి. పెట్రోలు వాసన గాఢంగా ఉంటే, ఎయిర్ ఫిల్టరు తీసి చూసినప్పుడు గొంతు తడిసి ఉంటే, అది పొంగుడు, అంటే రెండవ జబ్బు. చోక్ పూర్తిగా లోపలికి నొక్కండి. యాక్సిలరేటర్‌ను నెమ్మదిగా, ఒక్కసారే, నేల దాకా అదిమి అక్కడే పట్టి ఉంచండి. వదలవద్దు, మళ్లీ తొక్కవద్దు. అలా పట్టుకొని పది సెకండ్లకు మించకుండా సెల్ఫు కొట్టండి. గొంతు పూర్తిగా తెరుచుకొని గాలి ధారగా పోయి లోపలి ఆవిరిని ఊడ్చేస్తుంది. అందుకోగానే పాదం తేలిక చేయండి. నల్లపొగ వస్తే భయపడకండి, మిగిలినది బయటికి పోతున్నదన్నమాట. అందుకోకపోతే అర నిమిషం ఆగి మళ్లీ కొట్టండి, సెల్ఫు మోటారు కూడా వేడెక్కుతుంది.

వాసన లేదు, గొంతు పొడిగా ఉన్నది, యాక్సిలరేటర్ లీవరును చేత్తో కదిపినా ధార చిమ్మడం లేదు. అప్పుడు గిన్నెలో పెట్రోలు లేదు. చాలా పాత కార్ల ఏసీ పంపులకు చేత్తో కొట్టే చిన్న లీవరు ఉంటుంది. దానిని కొట్టి చూడండి. చేతికి బరువు తగులుతుంటే గిన్నెలోకి పెట్రోలు పోతున్నదని అర్థం. గిన్నె నిండగానే ఆ లీవరు వదులైపోతుంది. మొదటి నుంచే వదులుగా ఉంటే తొందరపడి గిన్నె నిండిందనుకోకండి. క్యామ్ ఆ పొరను కిందనే పట్టి ఉంచి ఉండవచ్చు, ఇంజనును కాస్త తిప్పి మళ్లీ కొట్టండి. పెట్రోలు రాకపోతే అప్పుడు, అప్పుడు మాత్రమే, తడిగుడ్డ. అది కూడా ఎక్కడ? పంపు మీద, పంపుకు వచ్చే లోహపు గొట్టం మీద. రవ్వకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీద నీళ్లు పడితే రవ్వ కూడా పోతుంది, రెండు జబ్బులు మూడవుతాయి. గొంతులో సీసాతో పెట్రోలు పోయడం మాత్రం వద్దే వద్దు. వెనక్కు తన్నిన ఒక్క మంట చాలు.

అలవాట్లు కొన్ని మార్చుకోవాలి. ఇంజను ఆపే ముందు ఒక్కసారి రేజ్ చేసి ఆపడం మన డ్రైవర్లకు పాత అలవాటు. తాళం తిప్పిన తరువాత కూడా ఇంజను రెండు మూడు చుట్లు తిరుగుతూ, రవ్వ లేని పెట్రోలును లోపలికి లాక్కుంటుంది. పొంగుడుకు మనమే ముందుగా పెట్టుబడి పెట్టినట్టు. దాని బదులు ఎండలో దూరం నుంచి వచ్చిన కారును ఒక నిమిషం ఐడిల్‌లో నడవనిచ్చి ఆపండి. పది నిమిషాలకే తిరిగి బయలుదేరాలంటే బోనెట్ కొద్దిగా ఎత్తి ఉంచండి. రవ్వ పడే టైమింగ్ బాగా వెనకబడి ఉంటే ఎగ్జాస్టు మరింత కాలుతుంది, దానిని కూడా చూపించుకోండి.

ముందు వరుసలో కూర్చున్న బాబు ఇందాక ఒక చీటీ పంపాడు: ఎథనాల్ కలిపిన పెట్రోలు వల్ల ఇది పెరిగిందా అని. మంచి ప్రశ్న. ఎథనాల్ తనంతట తాను 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అది విని మేలే కదా అనిపిస్తుంది. పెట్రోలులో కొద్దిగా కలిసినప్పుడు మాత్రం అది తేలిక పాళ్లను మరింత చురుకు చేస్తుంది, ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది. ఈ పెరుగుదల ఐదు నుంచి పది శాతం కలిపినప్పుడు ఎక్కువ, ఇరవైకి వచ్చేసరికి కాస్త తగ్గుతుంది. మన దేశంలో 2022 నాటికి పది శాతం, 2025 నాటికి ఇరవై శాతం కలపడం జరిగింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ కారుకు ఇది పట్టదు. అక్కడ గాలి ఒత్తిడికి రెండు మూడు రెట్లు అదనపు ఒత్తిడిలో పెట్రోలును పట్టి ఉంచుతారు కనుక అది అంత తేలికగా మరగదు. గాలికి తెరిచి ఉన్న గిన్నెతో బతికే మన పాత కారుకు పడుతుంది. పాత రబ్బరు గొట్టాలు, పంపు పొర కూడా ఎథనాల్‌కు ఉబ్బుతాయి, పగులుతాయి. పీలుపు వైపు గొట్టానికి కంటికి కనిపించని పగులు ఉంటే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అప్పుడది నిజంగానే ఎయిర్ లాక్. కనుక ఆ గొట్టాలు ఎథనాల్‌ను తట్టుకొనే రకంవి వేయించండి, ఎగ్జాస్టుకు దూరంగా నడిపించండి.

టాంకు దగ్గర కరెంటు పంపు పెట్టించవచ్చునా అని ఇంకొకరు అడిగారు. పెట్టించవచ్చు. వెనక నుంచి తోస్తుంది కనుక గొట్టంలో ఒత్తిడి పెరిగి ఆవిరి పుట్టడం తగ్గుతుంది. అయితే మన నీడిల్ వాల్వు తట్టుకొనే తక్కువ ఒత్తిడి పంపే పెట్టాలి. ఇంజెక్షన్ కారు పంపు తెచ్చి పెడితే గిన్నె పొర్లి నిప్పు ప్రమాదం. ఇంజను ఆగితే పంపు కూడా ఆగే ఏర్పాటు తప్పనిసరి. ఇంకొక మాట కూడా గుర్తుంచుకోండి, ఆ పంపు మొదటి జబ్బుకే మందు. కార్బురేటర్ కింద ప్యాకింగు లేని కారుకు ఎన్ని పంపులు పెట్టినా పొంగుడు ఆగదు.

నేను మాట మొదలుపెట్టి ఇరవై నిమిషాలు దాటింది. బయటి కారులో వేడి ఇప్పుడు దాదాపు శిఖరం మీదనే ఉంటుంది. దాని కార్బురేటర్ కింద బేక్‌లైట్ ప్యాకింగు, రేకు రెండూ ఉన్నాయని యజమాని గారు చెప్పారు; నేను చూడలేదు, మీరే చూసి చెప్పాలి. విద్యార్థులు ముందుకు రండి. మేస్త్రీ గారూ, మీరు ఎయిర్ ఫిల్టరు తీయండి. ముందుగా గొంతులోకి టార్చి వేసి, మధ్యనున్న మూతి నుంచి బొట్టు పడుతున్నదో లేదో చూడాలి. అది చూసిన తరువాతనే యాక్సిలరేటర్ ఎలా తొక్కాలో నిర్ణయించుకొందాం. సెల్‌ఫోన్లు జేబుల్లో, అగ్గిపెట్టెలు ఈ బల్ల మీద పెట్టి రండి.